సగం ఎక్కించిన ఘోడా: పాత బందూకుల హిఫాజత్ కథ

పాత బందూకుల గురించి తవారీఖ్ పుస్తకాలు ఎక్కువగా రెండు ముచ్చట్లే చెబుతాయి. ఎంత దూరం కొట్టింది, ఎవరిని కొట్టింది. మూడో సవాల్ ఒకటుంది. బందూకు భుజాన వేసుకుని నడిచే సిపాయికి, శికారీకి, రాత్రి పహరా కాసేవాడికి రోజూ ఎదురయ్యేది అదే. నేను వద్దన్నప్పుడు ఇది పేలకుండా ఉంటుందా?

ఇవాళ్టి తుపాకీ సంగతి వేరు. వెనక నుంచి తెరిచి తూటా తీసేస్తే అది ఉత్త ఇనుప గొట్టం. మూతి నుంచి మందు కూరే బందూకుకు ఆ వెసులుబాటు లేదు. బారూద్ పోసి, గుండు వేసి, గజంతో దట్టించాక ఖాళీ చేయడానికి రెండే దారులు. కాల్చేయాలి. లేదంటే గజం చివర మర ముల్లు బిగించి, గుండులోకి దింపి, మెల్లగా పైకి లాగాలి. రెండోది సబర్‌తో చేయాల్సిన పని, పైగా ఖతరా. అందుకని ఒకసారి నింపిన బందూకు గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి అలాగే ఉండేది. డేరాలో, గుర్రం జీను మీద, ఇంట్లో గోడకు ఆనించి. ఈ మౌత్‌ని పక్కన పెట్టుకుని మనుషులు కొన్ని వందల ఏళ్లు ఎలా బతికారు? కారీగర్లు దానికి ఏమేం తరకీబులు కనిపెట్టారు? అదే ఇప్పుడు చూద్దాం.

ముందు పేర్లు

గొట్టాన్ని నాలీ అంటారు. భుజానికి ఆనించే కర్ర భాగం కుందా. వేలితో నొక్కేది లబ్లబీ. నాలీ వెనక భాగంలో పక్కన సన్నటి రంధ్రం, దాని పక్కనే చిన్న గిన్నె ఉంటాయి. ఆ గిన్నె ప్యాలా. అందులో పోసే మెత్తటి మందు రంజక్. ప్యాలాలో రంజక్ అంటుకుంటే ఆ మంట రంధ్రంలోంచి లోపలికి పోయి అసలు మందును పేలుస్తుంది. ప్యాలాకు నిప్పు అందించే యంత్రాన్ని ఇంగ్లీషువాళ్లు లాక్ అన్నారు. ఆ లాక్‌లో పైకి లేచి కిందపడే భాగం ఘోడా. తెలుగులోనూ దాన్ని తుపాకి గుర్రం అనేవాళ్లు.

ఈ మాటలు ఎంత దూరం ప్రయాణం చేసి వచ్చాయో గౌర్ చేయండి. మన తుపాకి తుర్కీ భాష నుంచి వచ్చింది. మన అవ్వలు పొయ్యి రాజేసిన చెకుముకి రాయి కూడా తుర్కీ చక్మక్కే. నిప్పు పుట్టించే రాయి, ఆ రాయితో పేలే బందూకు రెండూ ఒకే మాటతో మన భాషలోకి నడిచొచ్చాయి.

అందరికీ కనిపించే నిప్పు

మొదటి జమానా తోడేదార్ బందూకుది. తోడా అంటే సురేకారం పట్టించి ఎండబెట్టిన తాడు, అంటే వత్తి. దాన్నే ఫలీతా అని కూడా అంటారు. ఒకసారి ముట్టిస్తే మంట లేకుండా నిదానంగా రాజుకుంటూ ఉంటుంది. లబ్లబీ నొక్కితే ఆ వత్తిని పట్టుకున్న కొక్కెం వంగి నిప్పు కొనను ప్యాలాలోకి దించుతుంది.

ఇందులో హిఫాజత్ ఏమిటంటే ప్యాలా మీద మూత. చిన్న ఇనుప రేకు, పక్కకు జరిగేది. హిందుస్తానీ తోడేదార్లలో కూడా ఈ మూత కీలు మీద పక్కకు తిరుగుతుంది. రంధ్రం శుభ్రం చేసే సూది గొలుసుతో పక్కనే వేలాడుతుంది. మూత వేసి ఉన్నంతసేపు కొక్కెం దిగినా నిప్పు రేకు మీద పడుతుందే తప్ప రంజక్ మీద కాదు. జపాన్‌కు 1543లో పోర్చుగీసుల ద్వారా ఈ రకం బందూకు చేరింది. అక్కడ ప్యాలా మూతను హిబుతా అంటారు. హిబుతా తెరవడం అనే అర్థమిచ్చే వాళ్ల మాట ఇవాళ్టికీ జంగ్ మొదలైందనీ, పోటీ మొదలైందనీ చెప్పడానికి వాడతారు. మూత వేసి ఉంటే అమన్, తెరిస్తే జంగ్. ఒక చిన్న రేకు భాషలో అలా నిలిచిపోయింది.

రేకు ఒక్కటే సరిపోదని ఫౌజుల ఉస్తాదులకు తెలుసు. 1607లో హాలండ్‌లో యాకబ్ డి ఘెయిన్ అనే చిత్రకారుడి కవాతు పుస్తకం అచ్చయింది. చిన్న బందూకు పట్టే సిపాయికి 42 భంగిమలు, పెద్ద మస్కెట్ సిపాయికి 43 భంగిమలు బొమ్మలుగా వేశాడు. వాటిలో చాలా భాగం కాల్చడం గురించి కావు, కాలిపోకుండా ఉండడం గురించి. కాల్చిన వెంటనే చేయాల్సిన మొదటి పని వత్తిని కొక్కెం నుంచి విడదీయడం. తర్వాత దాన్ని ఎడమచేతి వేళ్ల మధ్య, బందూకుకు దూరంగా పట్టుకోవాలి. రంజక్ పోశాక మూత వేసి, పైన రాలిన పొడిని ఊదేయాలి. నాలీ నింపాకే వత్తి మళ్లీ కొక్కెంలోకి వస్తుంది. బూడిద రాల్చడానికి వత్తిని ఊదేటప్పుడు నిప్పురవ్వ ఎగిరి పడుతుంది కాబట్టి రెండు వేళ్లు ప్యాలా మూత మీద కప్పి ఊదాలి. ఆఖర్న మాత్రమే మూత తెరవాలి.

అంటే తోడేదార్ బందూకులో సగం హిఫాజత్ ఇనుములో ఉంటే మిగతా సగం మనిషి చేతిలో, అలవాటులో ఉంది. ఇంకో సంగతి. నిప్పు అందరికీ కనిపిస్తుంది. వత్తి రాజుకుంటోందంటే ఈ మనిషి చేతిలో మౌత్ ఉందని ఎదుటివాడికి తెలుసు, పక్కవాడికి తెలుసు. వత్తి ఆరి ఉందంటే ఆ బందూకు పేలదు. అంత సాఫ్ సీదా హిసాబ్ తర్వాత ఏ బందూకులోనూ లేదు.

మరి ఖతరా? బారూద్ ఉన్నచోట నిప్పు పట్టుకుని తిరగడమే ఖతరా. ఒక్కో సిపాయి దగ్గర వత్తి రెండు కొసలా రాజుకుంటుంటుంది, ఒంటి నిండా మందు డబ్బీలు వేలాడుతుంటాయి. తోపుల బండ్ల వెంట పీపాల కొద్దీ మందు పోతుంటే, దాని చుట్టూ నిప్పు పట్టుకున్న పహరా! అందుకే ఫ్రాన్స్ 1671లో తోపుఖానా కాపలాకు ప్రత్యేకంగా ఒక దళం పెట్టి చేతికి చక్మక్ బందూకులు ఇచ్చింది. ఇంగ్లండులో 1685లో లేచిన రాయల్ ఫ్యుజిలియర్స్ పని కూడా అదే. చక్మక్ బందూకు ధర ఎక్కువ. దుష్మన్‌ని బాగా కొడుతుందన్న దానికంటే సొంత మందుగుండును కాల్చేయదన్న భరోసాకే అక్కడ ఆ ఖర్చు పెట్టారు.

జేబులో దాక్కున్న నిప్పు

వత్తి లేకుండా నిప్పు పుట్టించే మొదటి లాక్ చక్రం లాక్. 16వ శతాబ్దం మొదట్లో యూరప్‌లో వచ్చింది. గరుకు అంచున్న చిన్న ఉక్కు చక్రాన్ని తాళంచెవి లాంటి దానితో తిప్పి స్ప్రింగ్ బిగిస్తారు. లబ్లబీ నొక్కితే చక్రం గిర్రున తిరుగుతూ ఒక ఖనిజపు రాయిని ఒరుసుకుంటుంది, రవ్వలు ప్యాలాలో పడతాయి. రాయిని పట్టుకునే చేయి విడిగా ఉంటుంది. దాన్ని వెనక్కి తిప్పి ఉంచితే చక్రం పొరపాటున తిరిగినా రాయి తగలదు, రవ్వ పుట్టదు. కొన్నింటిలో చక్రాన్ని ఆపే అదనపు చిలక కూడా పెట్టారు.

మోసేవాడికి ఇది బ్రహ్మాండమైన హిఫాజత్. ఎదుటివాడికి మాత్రం ఉల్టా. నింపిన పిస్తోలు కోటు లోపల దాచుకుని దర్బారులోకి నడిచి రావచ్చు, రాజుకునే వత్తి వాసన ఉండదు. పవిత్ర రోమన్ సామ్రాజ్యపు బాద్షా మొదటి మాక్సిమిలియన్ 1517-18లలో ఇలాంటి తనంతట తానే నిప్పు పుట్టించే బందూకుల మీద పాబందీ పెట్టాడు. వత్తి ఇచ్చే ఖబర్దార్ మాయమైతే ఏమవుతుందో ఆయనకు అప్పుడే అర్థమైంది.

మన హిందుస్తాన్‌లో అక్బర్ బాద్షాకు బందూకుల మీద ఎంత షౌక్ ఉందో అబుల్ ఫజల్ ఆయినె అక్బరీలో రాశాడు. 1568లో చిత్తోడ్ ముట్టడిలో జైమల్‌ను కొట్టిన ఖాస్ బందూకు పేరు సంగ్రామ్. అదే ఆయినె అక్బరీలో, వత్తి నిప్పు లేకుండానే లబ్లబీ కొద్దిగా కదిపితే పేలే బందూకు తయారైందన్న ముచ్చట ఉంది. అది చక్రం లాకే అయి ఉంటుందని కొందరు చరిత్రకారుల ఖయాల్. అయినా అది ఫౌజుల్లోకి పాకలేదు. చక్రం లాక్ గడియారం లాంటి పని, ఖరీదు, విరిగితే బాగుచేసే ఉస్తాద్ అన్నిచోట్లా దొరకడు. తోడేదార్‌ను ఏ ఊరి కమ్మరైనా సరిచేస్తాడు. అందుకే ఈ దేశంలో తోడేదార్ 19వ శతాబ్దం దాకా బతికింది.

బయట కొక్కెం, లోపల గాటు

చక్రం తర్వాత చక్మక్. ఘోడా నోట్లో చెకుముకి రాయి. అది ఉక్కు పలకను కొడితే రవ్వలు ప్యాలాలో పడతాయి. ఇక్కడే హిఫాజత్ కోసం నాలుగు రకాల తరకీబులు పుట్టాయి.

మొదటిది స్నాప్‌హాన్స్. ఇందులో ప్యాలా మూత వేరు, రాయి తగిలే ఉక్కు పలక వేరు. ప్యాలాలో రంజక్ పోసి మూత వేసి, పలకను ముందుకు తోసేసి నడవొచ్చు. ఘోడా జారి పడినా దానికి తగలడానికి అక్కడ ఏమీ లేదు. కాల్చాలనుకున్నప్పుడే పలక వెనక్కి లాగాలి.

రెండోది స్పెయిన్ వైపు పుట్టి ఉస్మానియా సల్తనత్, కాకసస్, ఉత్తర ఆఫ్రికా దాకా పాకిన మికెలెట్ లాక్. తుర్కీ తుఫెంగ్‌లలో కనిపించేది ఇదే. దీని పెద్ద స్ప్రింగ్ బయటే ఉంటుంది. సగం ఎక్కించిన ఘోడాను ఆపే ఉక్కు మొన లాక్ రేకులోని రంధ్రం గుండా బయటికి పొడుచుకొచ్చి ఘోడా కాలి కింద నిలబడుతుంది. కంటికి కనిపిస్తుంది. కాకసస్, బాల్కన్ పిస్తోళ్లలో చాలావాటికి లబ్లబీ చుట్టూ కాపు కడ్డీ కూడా ఉండదు, చిన్న గుండీలా ఉంటుంది. నడుం పట్టీలో దోపుకునే అలాంటి పిస్తోలుకు ఆ బయటి మొనే దిక్కు.

మూడోది ఇంగ్లండులో 17వ శతాబ్దంలో నడిచిన డాగ్‌లాక్. లాక్ రేకు మీద ఘోడా వెనక చిన్న కొక్కెం. ఘోడా సగం ఎక్కించి కొక్కేన్ని దాని తోకలోని గాటులో పడేస్తారు. తలుపు గొళ్లెం లాంటిది. పడిందో లేదో చూస్తే తెలుస్తుంది, చీకట్లో వేలితో తడిమినా తెలుస్తుంది.

నాలుగోది ఫ్రెంచ్ లాక్. సుమారు 1610 ప్రాంతంలో లిసియే పట్టణపు కారీగర్ మారాఁ ల బుర్జ్వా పేరు దీనికి చెబుతారు. తర్వాత రెండు వందల ఏళ్లు యూరప్ ఫౌజులను ఏలింది ఇదే. ఘోడా ఇరుసుకు లాక్ లోపల ఒక ఉక్కు బిళ్ల ఉంటుంది. బిళ్లకు రెండు గాట్లు. సియర్ అనే ఉక్కు మొన ఆ గాట్లలో పడి ఘోడాను ఆపుతుంది. పూర్తిగా ఎక్కించినప్పటి గాటు పైపైన ఉంటుంది, లబ్లబీ నొక్కితే మొన జారిపోతుంది. సగం దగ్గరి గాటు లోతుగా, మొనను కరిచి పట్టేలా ఉంటుంది. అందులో పడ్డాక లబ్లబీ ఎంత నొక్కినా మొన బయటికి రాదు.

ఫ్రెంచ్ లాక్‌లో ప్యాలా మూత, ఉక్కు పలక రెండూ కలిసి ఒకే ముక్క. దీనితో ఒక చిక్కుంది. ఘోడా పూర్తిగా దించి ఉంటే రాయి అడ్డుపడి మూత మూసుకోదు, రంజక్ రాలిపోతుంది. అంటే రంజక్ పోసిన బందూకును మోయాలంటే ఘోడాను పైకెత్తి ఉంచక తప్పదు. పూర్తిగా ఎత్తితే ఖతరా. మిగిలింది సగమే.

ఇప్పుడు మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మికెలెట్ మొన బయట, డాగ్‌లాక్ కొక్కెం బయట, ఫ్రెంచ్ లాక్ గాటు లోపల. పని నాజూకు, తయారీ సులువు, దుమ్ము పట్టదు. కానీ గాటు అరిగిందో, మొన చివర విరిగిందో లాక్ ఊడదీస్తే తప్ప తెలియదు. భరోసా మొత్తం కంటికి కనిపించని వెంట్రుకవాసి ఉక్కు మీదికి పోయింది.

గాటు మీద భరోసా

ఇంగ్లీషు ఫౌజుల కవాతు హుకుంలు వినండి. ఘోడా సగం ఎక్కించు. కార్తూస్ తీయి. పళ్లతో చింపి రంజక్ పోయి. ప్యాలా మూయి. అప్పుడు బందూకు నిలబెట్టి మిగతా మందు, గుండు నాలీలో వేసి గజంతో దట్టించు. గమనించారా? ముందు రంజక్, తర్వాత మందు. నాలీ మూతి మీదికి వంగి రెండు చేతులతో గజం దింపుతున్న సిపాయికి కింద ప్యాలాలో రంజక్ సిద్ధంగా ఉంది. అతని చేతికి, మొహానికి, మౌత్‌కి మధ్య ఉన్నది ఆ ఒక్క సగం గాటే. తొందరలో ఘోడా సరిగా గాటులో పడకపోయినా, అరిగిన గాటు జారినా, గుండుతో పాటు గజం కూడా గాల్లోకి లేస్తుంది. తొందరపడి నోరు జారేవాణ్ణి, పని చెడగొట్టేవాణ్ణి సగం ఎక్కించి ఉండగానే పేలాడని ఇంగ్లీషువాళ్లు అనడం ఈ గాటు వల్లే.

గాటును నమ్మనివాళ్లు ఇంకో ఇంతెజామ్ చేసుకున్నారు. ఇంగ్లీషు సిపాయిల దగ్గర ఉక్కు పలకకు తొడిగే చిన్న తోలు టోపీ ఉండేది. ఘోడా పడినా రాయి తోలుకు తగులుతుంది, రవ్వ రాదు. పైసా ఖరీదు చేయని తోలు ముక్క ఉక్కు గాటుకు కాపలా కాసింది. 18వ శతాబ్దపు ఇంగ్లీషు పిస్తోళ్లలో ఘోడా వెనక జరిగే గడియ వచ్చింది. సగంలో ఉన్న ఘోడాను అది ముందుకు కదలనివ్వదు. కొన్నింట్లో లబ్లబీ కాపు కడ్డీ మొత్తం జరిగి ఘోడాను, ప్యాలా మూతను రెండింటినీ బిగించేది.

జోడు నాలీల శికారీ బందూకుతో మరో ముసీబత్. ఒక నాలీ కాల్చాక దాన్ని మళ్లీ నింపడానికి నిలబెడతాడు. రెండో ఘోడా పూర్తిగా ఎక్కి ఉందన్న సంగతి వేటాడే జోష్‌లో మరిచిపోతాడు. చేయి మూతి మీదే ఉంటుంది. లండన్ ఉస్తాద్ జోసెఫ్ మాంటన్ దీనికి బరువు మీద పనిచేసే అడ్డు కనిపెట్టాడు. బందూకు నిలువుగా పెడితే ఆ అడ్డు తన బరువుతో తానే జారి ఘోడాను ఆపుతుంది, అడ్డంగా ఎత్తితే తొలగిపోతుంది. మనిషి మరిచిపోతాడన్న లెక్కతోనే తయారైన హునర్ ఇది.

గాటుతో ఒక చిత్రమైన ఇబ్బంది కూడా ఉంది. నిషానా కొట్టే బందూకులకు ముట్టుకుంటే పేలేంత సున్నితమైన లబ్లబీ పెట్టేవాళ్లు. ఘోడా పడుతున్నప్పుడు సియర్ మొన దారిలో సగం గాటులో ఇరుక్కుని విరిగేది. దాంతో బిళ్లకు గింజంత కదిలే ముక్క ఒకటి చేర్చారు. పడేటప్పుడు అది గాటును కప్పి మొనను దాటించేస్తుంది. కాపాడే గాటు నుంచే లాక్‌ను కాపాడాల్సి వచ్చింది.

టోపీ వచ్చాక

1807లో అలెగ్జాండర్ ఫోర్‌సైత్ అనే స్కాట్లండ్ పాద్రీ దెబ్బ తగిలితే పేలే రసాయనంతో లాక్ చేసి పేటెంట్ తీసుకున్నాడు. తర్వాత అది చిన్న రాగి టోపీగా మారింది. నాలీ వెనక మొలిచిన చనుమొన లాంటి గొట్టానికి టోపీ తొడిగితే, ఘోడా దాన్ని కొట్టి పేలుస్తుంది. ప్యాలా పోయింది, రంజక్ పోయింది, వానకు తడిసే గోల తగ్గింది.

అన్నిటికంటే పెద్ద ఫాయిదా కవాతులో వచ్చింది. వరస తిరగబడింది. ముందు మందు, గుండు, గజం. అన్నీ అయ్యాక, మూతి మనిషికి దూరం జరిగాక, ఘోడా సగం ఎక్కించి ఆఖర్న టోపీ. 1853 ఎన్‌ఫీల్డ్ దాకా ఇదే పద్ధతి. టోపీ లేని బందూకు ఆరిన వత్తి ఉన్న తోడేదార్‌తో సమానం. కనిపించే ఖబర్దార్ ఒక రకంగా తిరిగి వచ్చింది.

కొత్త ఖతరా కూడా వచ్చింది. చక్మక్ బందూకులో ఘోడా దించి ఉంటే ప్యాలా తెరిచే ఉంటుంది, పెద్దగా భయం లేదు. టోపీ బందూకులో ఘోడా దించి ఉంటే అది నేరుగా టోపీ మీదే కూర్చుంటుంది. చూసేవాడికి నిద్రపోతున్నట్టే కనిపిస్తుంది. వెనక నుంచి ఒక దెబ్బ తగిలినా, చెట్టుకొమ్మ ఘోడాను కాస్త లేపి వదిలినా పేలుతుంది. అందుకే ఇక్కడ కూడా సగం గాటే దిక్కయింది.

మన దగ్గర

హైదరాబాద్‌లో ఫతే మైదాన్ దగ్గరి గన్‌ఫౌండ్రీని పాతవాళ్లు తోప్ కా సాంచా అంటారు. నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి సర్దార్ రేమండ్ 1786లో పెట్టించిన కార్ఖానా అది. రేమండ్ తయారుచేసిన పల్టన్లు యూరప్ తరహాలో కవాతు చేసి చక్మక్ బందూకులు పట్టాయి. 1798లో రేమండ్ చనిపోయాడు, అదే ఏడాది ఇంగ్లీషు ఒడంబడికతో ఆ పల్టన్లను రద్దు చేశారు. టిప్పు సుల్తాన్ శ్రీరంగపట్నం కార్ఖానాల్లోనూ పులి తల చెక్కిన చక్మక్ లాకులు తయారయ్యాయి. అఫ్గాన్ కొండల్లోని జజాయిల్ బందూకులకు చాలావాటికి నాలీ, కుందా స్థానికం, లాక్ మాత్రం ఈస్టిండియా కంపెనీ మస్కెట్‌ది. అంటే లిసియేలో పుట్టిన ఆ సగం గాటు దక్కన్‌కూ వచ్చింది, కాబూల్‌కూ వెళ్లింది.

ఈ కథ మ్యూజియం అద్దాల వెనక ఆగిపోలేదు. మన ఏజెన్సీ కొండల్లో, అడవి అంచు పల్లెల్లో నాటు తుపాకీ ఇప్పటికీ మూతి నుంచి మందు కూరేదే. పంటను అడవి పందుల నుంచి కాపాడుకోవడానికి ఈ రకం తుపాకీకి లైసెన్సు ఇచ్చే పద్ధతి కూడా ఉంది. చీకట్లో వేటకు పోయి వెనకవాడి తుపాకీ పేలి ముందువాడు పోయాడన్న ఖబర్లు అప్పుడప్పుడూ పేపర్లో వస్తూనే ఉంటాయి. చనిపోయినవాడు చాలాసార్లు దోస్తో, సొంత భాయో అయి ఉంటాడు. అందులో కొట్టినవాడికి దుష్మనీ ఏమీ ఉండదు. నింపిన నాలీ, తొడిగిన టోపీ, అరిగిన గాటు ఉంటాయి.

లండన్ ఉస్తాదుల గడియలు, బరువు అడ్డులు ఆ తుపాకీకి రావు. డి ఘెయిన్ బొమ్మల్లోని పద్ధతికి మాత్రం ఖర్చేమీ లేదు. నిప్పును ఆఖరి నిమిషం దాకా బందూకుకు దూరంగా ఉంచు, పని అయిన వెంటనే ముందుగా నిప్పునే తీసేయి. అప్పుడు నిప్పు అంటే వత్తి, ఇప్పుడు టోపీ. దారిలో నడిచేటప్పుడు టోపీ జేబులో ఉండాలి. జంతువు కనిపించాకే తొడగాలి. గుడిసె గడప దాటకముందే తీసేయాలి, ఘోడా సగంలో ఉంది కదా అని వదిలేయకూడదు. మూతి ముందువాడి వీపు వైపు కాకుండా నేలకో ఆకాశానికో ఉండాలి. నాలుగు వందల ఏళ్ల కిందటి సిపాయికి నేర్పింది ఇదే.